ఇల్లు చల్లగా ఉండుట ఎట్లు?

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అన్నది మన పెద్దల మాట. ఇల్లు కట్టదలచినవాడు స్థలము ధర విచారించును, దస్తావేజులు చూపించుకొనును, ముహూర్తము పెట్టించుకొనును, ఇనుము, సిమెంటు, ఇసుక ధరలను పదిచోట్ల అడిగి తెలిసికొనును. కాని ఆ ఇంటిమీద వేసవిలో ఎంత ఎండ పడును, ఆ వేడి ఏ దారిని లోనికి వచ్చును, వచ్చినది ఎప్పుడు బయటికి పోవును అని అడుగువారు అరుదు. ఈ ప్రశ్నలు అడుగనందుకు ఇల్లు నిలిచియున్నంతకాలము ప్రతి వేసవిలోను మనము జరిమానా చెల్లించుచునే ఉందుము. అది కొంత కరెంటు బిల్లుగా, కొంత నిద్రలేని రాత్రులుగా వసూలగుచుండును.

నా సంగతియే చెప్పెదను. నేను కళాశాలలో భౌతికశాస్త్రము బోధించువాడను. హైదరాబాదులో ఒక మేడమీద పైవాటాలో అద్దెకు ఉన్నాను. ఒక ఏప్రిల్ నెలలో మా అమ్మ కర్నూలు జిల్లాలోని మా ఊరినుండి వచ్చినది. ఆనాడే నేను తరగతిలో ఉష్ణవికిరణమునుగూర్చి పాఠము చెప్పి వచ్చితిని. రాత్రి పది గంటలైనను ఆమెకు నిద్ర పట్టలేదు. పక్కనున్న గోడమీద చేయి పెట్టి చూచి, "ఏంది నాయనా, పొయ్యి ఆర్పినాక పెనం ఉన్నట్టుంది ఈ ఇల్లు. మన మట్టిమిద్దెలో ఉన్నప్పుడు తెల్లారుజామున దుప్పటి కప్పుకుంటాంటిమి" అన్నది. ఫ్యాను వేగము పెంచితిని. "వేడిగాలినే గదా అది తిప్పేది" అన్నది. పగలు అరువదిమంది విద్యార్థులకు సమాధానములు చెప్పిన నాకు ఆ రాత్రి సమాధానము తోచలేదు.

వయస్సు మళ్లినవారికి పాతవన్నియు మంచివిగా కనబడుట సహజము. ఆమె మాటలో జ్ఞాపకము ఎంత, శాస్త్రము ఎంత అని తేల్చుకొనవలెనని నాకు పట్టుదల కలిగినది. ఇది వట్టి కుతూహలము కాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి మించి మరణించిరి. పగలు ఎండదెబ్బ తిన్న శరీరము రాత్రియైనను చల్లబడనిచో కోలుకొనలేదు. కావున రాత్రివేళ ఇల్లు చల్లగా ఉండుట సుఖమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. ముసలివారికి, పసివారికి, రోగులకు అది ప్రాణమునకు సంబంధించిన విషయము.

ఎండ లెక్క

ఉష్ణము ఒకచోటినుండి మరియొకచోటికి మూడు విధములుగా పోవును. ఘనపదార్థములో ఒక పొరనుండి మరియొక పొరకు అందుట వహనము. గాలి, నీరు వంటివి కదలుచు దానిని మోసికొనిపోవుట సంవహనము. నడుమ ఏ పదార్థముతోను పనిలేక కిరణరూపమున పోవుట వికిరణము. ఇంటి విషయములో ఈ మూడును కలిసి పనిచేయును. సూర్యుని వేడి వికిరణముగా కప్పుమీద పడును. వహనముచే కప్పు మందమును దాటి అడుగుముఖమును చేరును. అక్కడినుండి మరల వికిరణముగా మన తలలమీదికి దిగును.

వేసవి మధ్యాహ్నమున సూర్యుడు మనకు దాదాపు నడినెత్తిన ఉండును. ఆ వేళ నిలువుగా ఉన్న గోడలమీద ఎండ ఏటవాలుగా, కొద్దిగా మాత్రమే పడును. పరచినట్లున్న కప్పుమీదనో పూర్తిగా పడును. మబ్బులేని నాడు చదరపు మీటరు కప్పుమీద పడు సూర్యశక్తి సుమారు 900 వాట్లు. వేయి చదరపు అడుగుల కప్పు అనగా 93 చదరపు మీటర్లు. రెంటిని హెచ్చవేసినచో 84 కిలోవాట్లు వచ్చును. టన్నున్నర ఏసీ యంత్రము గదిలోనుండి లాగివేయగల ఉష్ణము 5 కిలోవాట్లకు కొంచెము పైగా ఉండును. అనగా సామాన్యమైన ఒక ఇంటి కప్పుమీద మిట్టమధ్యాహ్నము పడు వేడిని తోడివేయుటకు అటువంటి యంత్రములు పదునారు కావలసియుండును!

ఈ వేడియంతయు లోనికి రాదు. కొంత పరావర్తనము చెందును. కొంత గాలిలో కలిసిపోవును. కాని పాతబడి నల్లబారిన కాంక్రీటు తనపై పడిన ఎండలో నూటికి అరువది, డెబ్బది వంతులు పీల్చుకొనును. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలున్ననాడు అట్టి కప్పు పైముఖము 60 డిగ్రీలు దాటుట సాధారణము. చెప్పులులేక మేడమీద బట్టలు ఆరవేయబోయిన ఇల్లాండ్రకు ఈ అంకె చెప్పనక్కరలేదు.

రాత్రి వేడి ఎక్కడిది?

సూర్యాస్తమయమైన పిదప కూడ ఇల్లు ఎందుకు కాగుచుండును? వేయి చదరపు అడుగుల కప్పు 12 సెంటీమీటర్ల మందమున్నచో దానిలో 11 ఘనపు మీటర్ల కాంక్రీటు ఉండును. దాని బరువు దాదాపు 27 టన్నులు. అంతటి రాశి ఒక్క డిగ్రీ వేడెక్కుటకు సుమారు ఆరున్నర యూనిట్ల విద్యుత్తుతో సమానమైన ఉష్ణము పట్టును. పగలు అది 15 డిగ్రీలు వేడెక్కినదనుకొందము. అప్పుడు సాయంకాలమునకు మన తలపైన దాదాపు 100 యూనిట్ల ఉష్ణము నిలువచేయబడి యుండును. రాత్రియంతయు కప్పు ఆ నిలువను ఖర్చు చేయును. కొంత ఆకాశమునకు, కొంత గదిలోనికి.

గదిలోనికి వచ్చు భాగమే మన నిద్రను చెరుపును. మన చర్మము ఉష్ణోగ్రత సుమారు 34 డిగ్రీలు. కప్పు అడుగుముఖము అంతకన్న వేడిగా ఉన్నంతసేపు కిరణరూపమున అది మనలను కాచుచునే ఉండును. ఫ్యాను ఈ కిరణములను అడ్డగించలేదు. అది గాలిని చల్లబరచదు కూడ. చెమటను త్వరగా ఆర్చి, ఆ ఆరుటలో పోవు గుప్తోష్ణముచేత మనకు హాయి కలిగించును, అంతే. మా అమ్మ ఫ్యానుమీద చేసిన విమర్శలో శాస్త్రదోషము లేదు.

మట్టిమిద్దె రహస్యము

మా ఊరి మిద్దె గోడలు మూరెడు మందమున్న రాతి, మట్టి గోడలు. దూలముల మీద దంతెలు పరచి, ఆపైన కట్టెపుల్లలు, ఆకు వేసి, వాటిమీద జానెడు మందమున మట్టి పోసి, పైన చవుడు మన్ను పరచెదరు. పొడి మట్టిలో ఉష్ణవహనము కాంక్రీటులో సగమో, అంతకు తక్కువో ఉండును. మందము రెట్టింపు. అందుచేత పైన పడిన వేడి అడుగునకు చేరుటకు చాలసేపు పట్టును. మందమైన మట్టిగోడలలో ఈ ఆలస్యము పది పన్నెండు గంటలు కూడ ఉండవచ్చును. అంతేకాదు, దారిలో వేడి అల తగ్గిపోవుచు వచ్చును. బయట పగటికి, రాత్రికి 15 డిగ్రీల తేడా ఉన్నను, అట్టి ఇంటిలో ఆ తేడా కొద్ది డిగ్రీలే కనబడును. కావుననే రోహిణీ కార్తెలో రోళ్లు పగులు మధ్యాహ్నమున మట్టిమిద్దెలోనికి అడుగుపెట్టినవానికి ప్రాణము లేచివచ్చును.

అయితే ఇక్కడ నాకొక సందేహము కలిగినది. పన్నెండు గంటల ఆలస్యమనగా మధ్యాహ్నపు వేడి అర్ధరాత్రికి లోపలికి రావలెను గదా! మరి దుప్పటి సంగతి ఏమి? మా అమ్మను గుచ్చి అడిగితిని. ఆమె నవ్వి, "ఎండాకాలం లోపల ఎవరు పండుకుంటారు నాయనా? మిద్దెమీద పండుకునేది" అన్నది.

సమస్య విడిపోయినది. మట్టిమిద్దె పగటి ఇల్లు. రాత్రి దానికి పైకప్పు ఆకాశమే. మబ్బులేని రాత్రి ఆకాశము మనకన్న చాల చల్లనిది. ఆరుబయట పడుకొన్నవాని శరీరము, మిద్దె పైముఖము కూడ పరారుణ కిరణములను పైకి వెదజల్లి చల్లబడును. ఇంటిని పగలు ఒకవిధముగా, రాత్రి మరియొకవిధముగా వాడుకొనుట మన పెద్దలు నేర్చిన నేర్పు. ఈనాడు పట్టణములో దోమలకు, దొంగలకు భయపడి తలుపులు బిగించుకొని కప్పుక్రిందనే పడుకొనుచున్నాము. కావున పాత ఇంటిని ఉన్నదున్నట్లుగా కోరుకొనుట పొరపాటు. చెదలు, వానకారుట, చీకటి, ఏటేటా మన్ను మార్చుట అను కష్టములు దానికీ ఉన్నవి. దానిలోని సూత్రమును గ్రహించి, మన అవసరమునకు తగినట్లు మలచుకొనవలెను. ఆ సూత్రమేమనగా: వేడిని లోనికి రానిచ్చి, తరువాత తోడుటకన్న, రాకుండ ఆపుట చౌక.

సున్నము చేయు పని

ఆపుటకు మొదటి చోటు కప్పు పైముఖము. కొత్తగా వేసిన తెల్ల సున్నము తనపై పడిన ఎండలో నూటికి డెబ్బది వంతులకు పైగా తిప్పి పంపును. ఇంతకుముందు చెప్పిన 84 కిలోవాట్లలో నల్లబారిన కాంక్రీటు 50 కిలోవాట్లకు మించి పీల్చుకొనగా, సున్నము వేసిన కప్పు పీల్చునది పాతిక కిలోవాట్ల లోపు. సగమునకు పైగా వేడి ఇంటిని తాకకయే వెనుదిరుగును. ఇందులో కదలు యంత్రము లేదు. కాలు ఇంధనము లేదు.

తెలుపునకు మరియొక గుణము కలదు. కంటికి కనబడు కాంతిని తిప్పి పంపు సున్నము, పరారుణ కిరణములను మాత్రము ధారాళముగా వెదజల్లును. కావున రాత్రివేళ అది త్వరగా చల్లబడును. తళతళలాడు కొత్త ఇనుపరేకు ఇట్లు కాదు. అదియు ఎండను కొంత తిప్పి పంపును గాని, పీల్చుకొన్న వేడిని కిరణరూపమున వదలుటలో మహాలోభి. అందుచేతనే రేకుల ఇల్లు పగలు పెనమువలె కాలును. రేకుకు తెల్లరంగు పూసినచో ఈ లోభము చాలవరకు పోవును.

సున్నములో కొంచెము బంక కలిపి రెండు పూతలు వేసినచో ఒక వేసవికి సరిపోవును. వానకు కొట్టుకొనిపోవును, దుమ్ముకు మాయును; మరల వేయవలెను. ఎక్కువ కాలము మన్నవలెనన్నవారు ఎండను తిప్పికొట్టు ప్రత్యేకపు తెల్లరంగులనో, తెల్ల పింగాణీ పెంకుముక్కల గచ్చునో వేయించుకొందురు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. 600 చదరపు గజములు, అంతకు మించిన స్థలములో కట్టు కొత్త ఇండ్లకు ఇట్టి కప్పు తప్పనిసరి అనియు, చిన్న స్థలములవారికి వారి ఇష్టమనియు అందులో చెప్పబడినది. అయితే వేడికి ఎక్కువ బాధపడునది చిన్న ఇండ్లవారు, రేకుల ఇండ్లవారు. వారికి ఇది ఇష్టమునకు వదలివేసిన పని గనుక, సంగతి తెలిసినవారు తెలియనివారికి చెప్పుట అవసరము.

కప్పుమీద దుప్పటి

సున్నముతో ఆగని వేడిని ఆపుటకు కప్పుమీద ఉష్ణమును సరిగా ప్రసరింపనీయని పొర ఒకటి కావలెను. నిశ్చలమైన గాలి మంచి ఉష్ణబంధకము. ఉన్నిదుప్పటి వెచ్చదనము నూలులోనిది కాదు, నూలుపోగుల నడుమ చిక్కుకొన్న గాలిది. కప్పుమీద మట్టికుండలను బోర్లించి, సందులలో సున్నము, ఇటుకముక్కల గచ్చు వేసి చదును చేయుట మన దేశములో పాత పద్ధతి. కుండలలోని గాలి వేడిని అడ్డుకొనును. ఈనాడు గాలిబుడగలతో నిండిన తేలిక కాంక్రీటు పలకలు, నురుగు పలకలు కూడ దొరకుచున్నవి.

ఇట్టి పొరను కప్పునకు పైన వేయుట మేలు. అడుగున వేసినచో 27 టన్నుల కాంక్రీటు ఎప్పటివలెనే కాగును. పైన వేసినచో కాగదు. కేంద్రప్రభుత్వ శాఖ 2018లో నివాసగృహములకై ‘ఎకో నివాస్ సంహిత’ అను నియమావళిని వెలువరించినది. లోపలికి, వెలుపలికి ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు కప్పుగుండ 1.2 వాట్లకు మించి ఉష్ణము ప్రవేశింపరాదని అందులో ఒక నియమము. ఏ పొరయు లేని మామూలు కాంక్రీటు కప్పు ఇంచుమించు దీనికి మూడురెట్లు లోనికి వదలును.

దిక్కులు, నీడలు

కప్పు తరువాత గోడలు, కిటికీలు. హైదరాబాదు 17 డిగ్రీలకు కొంచెము పైగా ఉత్తర అక్షాంశముమీద ఉన్నది. డిసెంబరు చివర మధ్యాహ్నమున అక్కడ సూర్యుడు దక్షిణదిక్కున క్షితిజమునకు 49 డిగ్రీల ఎత్తున ఉండును. మార్చి 21 నాటికి దాదాపు 73 డిగ్రీల ఎత్తునకు వచ్చును. మే రెండవ వారములో సరిగా నడినెత్తికి వచ్చి, ఆగస్టు మొదటి వారమువరకు ఉత్తరము వైపుననే ఉండును.

ఈ అంకెలతో ఒక చిన్న లెక్క చేయవచ్చును. దక్షిణపు కిటికీపైన 60 సెంటీమీటర్ల చజ్జా ఉన్నదనుకొందము. మార్చి 21 మధ్యాహ్నమున దాని నీడ 190 సెంటీమీటర్ల దూరము క్రిందికి దిగును. కిటికీ అంతయు నీడలో ఉండును. డిసెంబరులో ఆ నీడ 70 సెంటీమీటర్లు కూడ దిగదు. చలికాలపు లేయెండ గదిలోనికి వచ్చును. కదలని చిన్న పలక ఒకటి కాలమెరిగి పనిచేయుచున్నది! చజ్జాలు లేని నునుపు గోడలు చూపునకు ఎంత నవీనముగా ఉన్నను, ఈ ఉచితసేవను వదలుకొన్నవే.

తూర్పు పడమరల సంగతి వేరు. అక్కడ సూర్యుడు దిగువనుండి సూటిగా చూచును, చజ్జా అడ్డగించలేదు. పడమటి ఎండ మరింత చెడ్డది. అప్పటికే గాలి వేడెక్కియుండును. గోడ పీల్చుకొన్న వేడి మనము పడుకొను వేళకు లోపలికి వచ్చును. కావున ఇంటి పొడవైన గోడలు ఉత్తర దక్షిణములకు, పొట్టి గోడలు తూర్పు పడమరలకు ఉండునట్లు కట్టుట మేలు. పడమట పడకగదికి బదులు మెట్లు, స్నానపుగది, సామానుగది ఉంచవచ్చును. స్థలము దీనికి వీలియనిచో వసారా దింపవలెను; పందిరి వేసి తీగ పాకించవలెను; వేపచెట్టు పెంచవలెను. కిటికీకి లోపలి తెరకన్న వెలుపలి తడక మేలు. లోపలి తెరను తాకిన వేడి అప్పటికే ఇంటిలోనికి వచ్చినట్లు. ఒకసారి వచ్చిన ఎండను గాజు బయటికి పోనీయదు. సూర్యకాంతిని రానిచ్చి, లోపలి వస్తువులు వెలువరించు పరారుణ కిరణములను ఆపివేయును. పడమటి ముఖమున నిలువెల్ల గాజు బిగించుట మన వాతావరణములో కోరి తెచ్చుకొన్న కొలిమి.

గాలి దారి

వేడిగాలి తేలికైనది, పైకి పోవును. పాత ఇండ్లలో కప్పుక్రింద చిన్న వెంటిలేటర్లు, రాయలసీమ మిద్దెలలో గవాచి, కోస్తాలోని మండువా లోగిళ్లలో నడుమ తెరచియున్న మండువా, ఇవన్నియు వేడిగాలి పోవు దారులే. హైదరాబాదులో 2004 జూలైలో ఆనాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన హరిత వాణిజ్య కేంద్రమును చూచినవారికి ఇది తెలియును. పర్యావరణమునకు అనుకూలమైన భవనముగా అంతర్జాతీయ గుర్తింపు పొందిన ఆ కట్టడములో నడుమ ముంగిలి, చుట్టును జాలీగోడలు, కప్పుమీద పచ్చిక కలవు. నవీనశాస్త్రము తిరిగి తిరిగి మండువా దగ్గరకే వచ్చినది.

కాని ఒక ప్రాంతపు ఉపాయము మరియొక ప్రాంతమునకు పనికిరాకపోవచ్చును. తెలంగాణ, రాయలసీమ పీఠభూములలో వేసవిగాలి పొడిగా ఉండును. రాత్రులు చెప్పుకోదగినంత చల్లబడును. అక్కడ మందమైన గోడలు మేలు. పగలు కిటికీలు మూసి, రాత్రి అన్నియు తెరచినచో రాత్రి చల్లదనమును గోడలు నిలువచేసికొనును. ఎయిర్ కూలరుకూడ అక్కడ బాగుగా పనిచేయును. నీరు ఆవిరియగుచు ఒక్కొక్క గ్రామునకు దాదాపు 580 కేలరీల ఉష్ణమును గాలినుండి తీసికొనును. కోస్తాలో గాలి తేమగా ఉండును. రాత్రియు పగలును ఉష్ణోగ్రతలో పెద్ద తేడా ఉండదు. నీరు త్వరగా ఆవిరి కాదు; కూలరు ఉక్కపోతను పెంచును. అక్కడ గోడల మందముకన్న గాలి ప్రసారము ముఖ్యము. ఎదురెదురు కిటికీలు, లోతైన చూరు, చుట్టును వసారా కావలెను.

ఇంటిలో దాగిన బొగ్గు

ఇల్లు వాడునప్పుడే కాదు, కట్టునప్పుడు కూడ శక్తి ఖర్చగును. సిమెంటు చేయుటకు సున్నపురాతిని ఇతర పదార్థములతో కలిపి 1450 డిగ్రీలవరకు కాల్చెదరు. 100 కిలోల శుద్ధమైన సున్నపురాయి కాలినప్పుడు 56 కిలోల సున్నము మిగిలి, 44 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. ఇది రాతిలోనుండి వచ్చునది. కొలిమిలో కాల్చిన బొగ్గునుండి వచ్చునది దీనికి అదనము. ప్రపంచమున మానవులవలన గాలిలో చేరుచున్న ఈ వాయువులో ఇంచుమించు 7, 8 శాతము సిమెంటునుండియే వచ్చుచున్నది. భూగోళమును వేడెక్కించుచున్న వాయువు ఇదియే. చల్లదనమునకై కట్టు ఇల్లు ఊరిని వేడెక్కింపకుండుట న్యాయము.

అందుకు ఉపాయములు కలవు. రామగుండము, పాల్వంచ, ఇబ్రహీంపట్నము వంటిచోట్ల ఉష్ణవిద్యుత్కేంద్రములనుండి వచ్చు బూడిదతో చేసిన ఇటుకలకు బట్టీతో పనిలేదు. నీటితో తడిపి ఆరబెట్టినచో గట్టిపడును. బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థలో 1974లో వెలసిన ‘అస్త్ర’ కేంద్రము, మట్టిలో కొద్దిపాటి సిమెంటు కలిపి యంత్రముతో అదిమి చేయు మట్టిదిమ్మెలపై ఎంతో కృషి చేసినది. కేరళలో స్థిరపడిన ఆంగ్ల వాస్తుశిల్పి లారీ బేకర్ (1917–2007) ‘ర్యాట్ ట్రాప్’ కట్టుడును ప్రచారము చేసెను. ఎలుకబోను పేరుగల ఈ పద్ధతిలో ఇటుకలను పడుకోబెట్టక అంచుమీద నిలిపి, నడుమ ఖాళీ వదలి కట్టెదరు. ఇటుకలు నూటికి పాతిక వరకు మిగులును. ఖాళీలోని గాలి వేడిని అడ్డుకొనును. కప్పులో కూడ ఇట్టి పొదుపు కలదు. కాంక్రీటు నొక్కుడుకు ఆగును గాని లాగుడుకు ఆగదు; కప్పు అడుగుభాగములోని లాగుడును భరించునది ఇనుపచువ్వలు. కావున చువ్వల నడుమ అడుగుభాగములో కాంక్రీటుకు బదులు పాత బంగాళాపెంకులను పొదిగినను బలము తగ్గదు. బరువు, సిమెంటు తగ్గును. ఇది మాత్రము ఇంజనీరు లెక్కకట్టి ఇచ్చిన నమూనా ప్రకారమే చేయించవలెను.

యంత్రములు చివర

ఇన్ని చేసిన తరువాత మిగిలిన కొరతకు యంత్రము కావలెను. మామూలు పాత ఫ్యాను 75 వాట్లు తీసికొనును. కొత్తరకపు ‘బీఎల్‌డీసీ’ ఫ్యాను అంతగాలికి 30 వాట్లతో సరిపెట్టుకొనును. దినమునకు 15 గంటలు తిరుగు ఫ్యాను ఒక్కటి మార్చినచో నెలకు 20 యూనిట్లు మిగులును. ఏసీ విషయములో ఒక సంగతి మరువరాదు. అది వేడిని నశింపజేయదు. గదిలోని వేడిని, తాను తిన్న విద్యుత్తు వేడిని కలిపి వీధిలోనికి నెట్టును. ఇరుకు వీధిలో ఆ వేడి ఏసీ లేని పొరుగువాని కిటికీలోనికి పోవును. చల్లని కప్పుక్రింద ఏసీ పెట్టుకొన్నవాడు తక్కువసేపు, తక్కువ విద్యుత్తుతో పని జరుపుకొనును. పొరుగువానికి తక్కువ కష్టము కలిగించును.

కప్పుమీద సౌరఫలకములకు కేంద్రప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో ‘సూర్యఘర్’ పథకమును ప్రారంభించినది. ఒక కిలోవాటు ఫలకములనుండి మన ప్రాంతములో దినమునకు సగటున 4 యూనిట్లు వచ్చును. కప్పునకు నీడయు దొరకును. అయితే మొదట అవసరమును తగ్గించుకొని, తరువాత ఫలకముల లెక్క వేసికొన్నవానికి సగము ఖర్చుతో పని జరుగును. కుండకు చిల్లి ఉండగా నీరు పోయుచుండుట తెలివి కాదు గదా.

ఎవరికి ఏమి సాధ్యము?

ఇల్లు కట్టబోవువారికి అన్నియు సాధ్యమే. దిక్కు, చజ్జా, కిటికీ, వసారాలను కాగితముమీద మార్చుటకు ఖర్చు లేదు. కట్టిన తరువాత మార్చుట దుర్లభము. ఇల్లు కట్టుకొన్నవారికి కప్పుమీద సున్నము, పొర, పడమట చెట్టు, వెలుపలి తడకలు సాధ్యము. అద్దెకున్నవారికి ఏమియు సాధ్యము కాదని నేనును అనుకొంటిని. ఒకనాడు ఇంటి యజమానిని కలిసి లెక్కలన్నియు చూపితిని. ఆయన శ్రద్ధగా విని, "మాస్టారూ, ఇదంతా నాకు తెలీదు గానీ, సున్నం ఖర్చు మీరు పెట్టుకుంటానంటే నాకేం అభ్యంతరం?" అనెను. ఒక ఆదివారము నేను, ఇద్దరు విద్యార్థులు కలిసి కప్పు కడిగి, రెండు పూతలు వేసితిమి. పడమటి కిటికీకి బయట వెదురుతడక కట్టితిమి.

మరుసటి ఏప్రిల్‌లో మా అమ్మ మరల వచ్చినది. పదిగంటలకు గోడమీద, తరువాత కప్పువంక చూచి ఏమియు అనలేదు. తెల్లవారుజామున నన్ను లేపి, "ఆ ఫ్యాను కొంచెం తగ్గించు నాయనా" అన్నది. మే నెలలో ఆ మాట మరల అనలేదు; మే నెల ఎండకు సున్నమొక్కటే చాలదు. ఆ సంగతి కూడ దాచక చెప్పవలెను. కాని ఈసారి ఆమె మే నెల అంతయు మాతోనే ఉన్నది. అంతకు ముందటి సంవత్సరము పదునైదు దినములకే ఊరికి వెళ్లిపోయినది. ఈ సంవత్సరము పై పొర కూడ వేయింతుమని యజమాని తానుగా చెప్పెను. క్రింది వాటాలోనివారు కారణమడుగగా, ఆయన వారికి ఉష్ణవికిరణమునుగూర్చి వివరించుచుండుట నేను మెట్లమీదినుండి వింటిని.